చెన్నైలో సర్కారు వైద్యం: నెలవారీ మందులు, కార్డులు, కాన్పు నమోదు. ఇప్పుడు పద్ధతి ఎలా ఉంది?

విల్లివాక్కం వాసి:
అందరికీ నమస్కారం. అమ్మకు 68 ఏళ్ళు. నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చేసింది, ఇక ఇక్కడే ఉంటుంది. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి. షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా. రాత్రికి ఇన్సులిన్ పెన్ను. ఇప్పటిదాకా అన్నీ ప్రైవేటే. ఇక్కడ కార్పొరేషన్ ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తారనీ, ఇంటికే తెచ్చిస్తారనీ వింటున్నాం. ఆంధ్రా ఆధార్‌తో కుదురుతుందా? అమ్మ పేరు నెల్లూరు రేషన్ కార్డులో ఉంది, దాన్ని ఇక్కడికి మార్చుకోవాలా? ఇంకోటి, చెల్లెలికి నాలుగో నెల, కాన్పు చెన్నైలోనే. ఏదో నంబరు లేకపోతే పుట్టిన సర్టిఫికెట్ రాదంటున్నారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మందుల బీరువా:
ముందు ఓపీ సంగతి. ప్రాథమిక వైద్యానికి తమిళనాడులో ఏ కార్డూ అక్కర్లేదు. ఆంధ్రా ఆధార్ అయినా సరే, ఫోన్ నంబరు చెప్పి ఓపీ చీటీ రాయించుకోవచ్చు. మీ వార్డులో యూపీహెచ్‌సీ (పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంటుంది. దానికి తోడు 2023 జూన్ నుంచి నగర నలవాళ్వు మయ్యాలు (నగర ఆరోగ్య కేంద్రాలు) తెరిచారు. ఇవి పొద్దున 8 నుంచి 12, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 8 దాకా పనిచేస్తాయి. ఉద్యోగం చేసేవాళ్ళు పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి ఆ సాయంత్రం వేళ బాగా పనికొస్తుంది.

ఇంటికి మందులు తెచ్చే పథకం మక్కళై తేడి మరుత్తువం. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలైంది. బీపీ, షుగరు మందులే కాదు, మంచాన పడ్డవాళ్ళకు ఫిజియోథెరపీ, నొప్పి తగ్గించే సంరక్షణ, పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవాళ్ళకు సంచులు కూడా ఇందులోకే వస్తాయి. అయితే మొదటి రోజే ఇంటికి రారు. ముందు కేంద్రానికి వెళ్ళి డాక్టరుకు చూపించుకుని, పరీక్షలయ్యాక పేరు రిజిస్టరులోకి ఎక్కాలి. ఆ తర్వాతే మీ వీధి చూసే వాలంటీరు చేతికి పేరు వెళ్తుంది. ఇల్లు మారితే ఆ పేరు పాత వీధి జాబితాలోనే ఉండిపోతుంది, మందులు ఆగిపోతాయి. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు మారిన నెలలోనే కొత్త వార్డు కేంద్రంలో చెప్పుకోవాలి.

ఇక అసలు జాగ్రత్త మందుల దగ్గర. సర్కారు స్టాకులో కలిసిన మాత్రలు తక్కువ. విడివిడిగా ఇస్తారు, పైగా బ్రాండు పేరు ఉండదు, మందు పేరే ఉంటుంది. మీ అమ్మగారికి ఆమ్లోడిపిన్ ఒక పొట్లంలో, రెండో బీపీ మందు ఇంకో పొట్లంలో వస్తుంది. ఇంట్లో పాత కలిసిన మాత్రలు మిగిలే ఉంటాయి. "ఇది నెల్లూరు డాక్టరుది, ఇది ఇక్కడి డాక్టరుది" అని రెండూ వేసుకునేవాళ్ళు చాలామంది. అంటే ఆమ్లోడిపిన్ రెట్టింపు వెళ్తుంది. కాళ్ళు వాస్తాయి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి.

షుగరు మాత్రలతో ఇంకా ప్రమాదం. అక్కడ గ్లిమెపిరైడ్‌కు బదులు గ్లిపిజైడో గ్లిబెన్‌క్లమైడో ఇచ్చారనుకోండి, మూడూ ఒకే జాతి మందులు. పాతదీ కొత్తదీ కలిపి వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ కూడా చూసుకోండి. ప్రైవేటులో ఎక్కువగా మెల్లగా విడుదలయ్యే రకం రాస్తారు, దాన్ని నలిపి వేయకూడదు. సర్కారుది మామూలు 500 మిల్లీగ్రాముల మాత్ర అయితే అన్నంతో పాటు, డాక్టరు చెప్పిన పూటలకు విడగొట్టి వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే వికారం, విరేచనాలు. చాలామంది ఇక్కడే "సర్కారు మాత్ర పడట్లేదు" అని మానేస్తారు. పడనిది మాత్ర కాదు, వేసుకున్న వేళ.

కొత్త మందులు చేతికొచ్చిన రోజే పాత పొట్లాలు బీరువాలోంచి తీసేయండి.

సిస్టర్ కీళ్పాక్:
పైన చెప్పిందంతా కరెక్టు. నేను ఇన్సులిన్ గురించి రాస్తాను, ఎందుకంటే పెన్ను నుంచి సర్కారు సీసాకు మారేటప్పుడు జరిగే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

పెన్నులో ఉండే ఇన్సులిన్ ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆసుపత్రిలో ఇచ్చే సీసా సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. సీసా మీద 40 అని రాసి ఉంటుంది, చదవండి. సిరంజిలు కూడా రెండు రకాలు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత. సీసా 40 అయితే సిరంజి కూడా 40దే కావాలి. అంతే, ఇందులో సర్దుకుపోవడం లేదు.

తేడా వస్తే ఏమవుతుందో లెక్క చూడండి. డాక్టరు 20 యూనిట్లు రాశారు. 40 సీసా, 40 సిరంజి, 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు, సరిగ్గా 20 యూనిట్లు. అదే 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగరు దిగదు, వచ్చే నెల డాక్టరు మోతాదు పెంచేస్తారు. తారుమారైతే మరీ ఘోరం. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు లోపలికి వెళ్తాయి. పెన్ను పాడైందని దాని కార్ట్రిడ్జిలో సూది గుచ్చి సిరంజితో లాగేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి.

రాత్రి పెన్ను అన్నారు కాబట్టి అది రోజంతా పనిచేసే రకం కావచ్చు. చిన్న కేంద్రాల్లో ఆ రకం ఉండకపోవచ్చు. వాటిలో ఎక్కువగా దొరికేది మామూలు హ్యూమన్ ఇన్సులిన్, లేదా 30/70 మిశ్రమం. ఒక రకం నుంచి ఇంకో రకానికి అవే యూనిట్లు అలాగే మార్చకూడదు. మోతాదు, వేళ రెండూ డాక్టరే కొత్తగా రాయాలి. 30/70 రాత్రి పడుకునే ముందు కాదు, భోజనానికి అరగంట ముందు.

సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజర్‌కు దూరంగా. ఒకసారి గడ్డకట్టిన సీసా కరిగినా పనికిరాదు. తెరిచిన సీసా గది వేడిమిలో 28 రోజులు, ఆపైన మిగిలినా పారేయాలి. తెరిచిన తేదీ పెన్నుతో సీసా మీదే రాయండి. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లుంటాయి. రోజుకు 10 వేసుకునేవాళ్ళకు 40 రోజులు వస్తుంది గదా అని చివరిదాకా వాడితే, ఆఖరి రోజుల్లో దాని బలం తగ్గిపోయి ఉంటుంది. తెల్లగా మబ్బుగా ఉండే రకాన్ని కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి.

చెమట, వణుకు, గుండెదడ, మాట తడబాటు ఉంటే షుగరు పడిపోయిందని అనుమానించండి. గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువ ఉన్నా, మీటరు లేకపోయినా, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

విల్లివాక్కం వాసి:
సిస్టర్ గారూ, ఇప్పుడే అమ్మ పెన్ను చూశాను, 100 అని ఉంది. సిరంజి సంగతి మాకు అస్సలు తెలియదు. ధన్యవాదాలు. మరి రేషన్ కార్డు, కాప్పీటు (సర్కారు ఆరోగ్య బీమా) కార్డు?

కాప్పీటు కౌంటర్:
ముఖ్యమంత్రి కాప్పీటు అని ఇక్కడ అందరూ అనేది 2009లో మొదలైన పథకం. ఏటా కుటుంబానికి 5 లక్షల దాకా. ఆపరేషన్లు, గుండె, కేన్సరు, డయాలిసిస్ వంటి వాటికి. జ్వరానికీ నెలవారీ మాత్రలకూ దీనితో పని లేదు.

చేరడానికి తమిళనాడు రేషన్ కార్డు, కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 మించదని ఆదాయ ధ్రువపత్రం, అందరి ఆధార్. చెన్నైలో కలెక్టరాఫీసు రాజాజీ సాలైలో ఉంది, అక్కడి కాప్పీటు కియోస్కుకు వెళ్ళాలి. ఇంటి నుంచి ఒక్కరు కాగితాలు పట్టుకెళ్తే సరిపోదు, ఫోటో, వేలిముద్ర కోసం సభ్యులు కూడా రావాలి. 2025 ఆగస్టు 2న మొదలైన నలం కాక్కుం స్టాలిన్ శనివారం వైద్య శిబిరాల్లో కూడా ఈ నమోదు పెట్టారు. పేటలోనే శిబిరం పడితే రాజాజీ సాలై దాకా పోనక్కర్లేదు.

వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళకు ప్రత్యేకంగా ఒక దారి ఉంది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. తమిళనాడులో ఆరు నెలలు దాటి ఉంటున్నట్టు తగిన అధికారి ధ్రువీకరణ ఇస్తే వాళ్ళూ చేరవచ్చు. భవన నిర్మాణ పనివాళ్ళకూ, అంబత్తూరు, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకూ ఇది ముఖ్యం. కౌంటర్లో "రేషన్ కార్డు ఎక్కడ" అని తిప్పి పంపితే ఈ మాట చెప్పండి. లేదంటే అక్కణ్ణుంచే 1800 425 3993కి ఫోన్ చేయండి.

తిరస్కరణలు ఎక్కువగా వచ్చేది పేరు తేడాతో. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఉంటుంది, ఇక్కడి రేషన్ కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. మన తెలుగువాళ్ళందరికీ ఉన్న చిక్కే ఇది. ఆపరేషన్ తేదీ పడ్డాక దిద్దుకుందాం అనుకుంటే ముందస్తు అనుమతి ఆగిపోతుంది. కార్డు చేతికొచ్చిన రోజే ఒక్కొక్క పేరూ ఆధార్‌తో పోల్చి చూసుకోండి.

ప్యాకేజీలోకి వచ్చిన చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రి అదనంగా డబ్బు అడగకూడదు. "ఇంప్లాంటు మంచిది వేస్తాం, తేడా కట్టండి" అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. అక్కడే చాలాసార్లు మాట మారుతుంది.

సూళ్ళూరుపేట – సెంట్రల్ ప్యాసింజర్:
రేషన్ కార్డు మార్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఒకే మనిషి పేరు రెండు రాష్ట్రాల కార్డుల్లో ఉండదు. ఆధార్ ముడిపడి ఉంది కాబట్టి ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. ఇక్కడ చేర్చాలంటే నెల్లూరులో తీసేసినట్టు కాగితం అడుగుతారు. తీయించేస్తే ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) అర్హత ఆ కార్డుతో పాటే పోవచ్చు.

ఆరోగ్యశ్రీని 2019 నవంబరు 1 నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు విస్తరించారు, అప్పట్లో 716 సూపర్ స్పెషాలిటీ చికిత్సలకు. మామూలు ఆపరేషన్లకు కాదు, పెద్ద వాటికే. ఏ ఆసుపత్రి, ఏ చికిత్స అన్నది మారుతూ ఉంటుంది. ఆసుపత్రికి వెళ్ళే ముందే అక్కడి ఆరోగ్యమిత్రతో మాట్లాడి, "ఈ జబ్బుకు, ఈ చికిత్సకు, ఈ వారంలో అనుమతి పెడతారా" అని సూటిగా అడగండి. ఊరికే "ఆరోగ్యశ్రీ ఉందా" అంటే అందరూ ఉందనే చెప్తారు.

ఇంకోటి. చెన్నైలో ఉండి 104 నొక్కితే తమిళనాడు 104కే వెళ్తుంది, ఆంధ్రా పథకం గురించి వాళ్ళకు తెలియదు. ఆంధ్రా 104 కావాలంటే ఊళ్ళో ఉన్న బంధువుల చేత ఫోన్ చేయించండి.

కాప్పీటు కౌంటర్:
ప్యాసింజర్ గారు చెప్పింది నిజమే, కానీ ఒక వైపే చూస్తున్నారు. ఎముక విరిగితేనో, గర్భసంచి ఆపరేషన్ పడితేనో ఆంధ్రా కార్డుతో చెన్నైలో పని జరగదు. 68 ఏళ్ళ మనిషిని అంబులెన్సులో నెల్లూరు తీసుకెళ్తారా? అమ్మగారు ఇక్కడే స్థిరపడుతున్నారంటే ఇక్కడికి మార్చడమే మేలు.

సూళ్ళూరుపేట – సెంట్రల్ ప్యాసింజర్:
ఆదాయం 1,20,000 లోపు చూపించగలిగితేనే కదా అది. కొడుకు ఉద్యోగస్తుడు. అమ్మను కొడుకు కార్డులో చేర్చిన రోజు నుంచీ లెక్క కుటుంబ ఆదాయమే. అప్పుడు నెల్లూరుదీ పోయి, ఇక్కడిదీ రాక, రెంటికీ చెడ్డట్టవుతుంది. ముందు ఇక్కడ అర్హత ఉందో లేదో తేల్చుకుని, ఆ తర్వాతే అక్కడ పేరు తీయించాలి. నేను చెప్పేది ఆ వరస గురించే.

కాప్పీటు కౌంటర్:
ఆ వరస సరైనదే. ఒప్పుకుంటున్నాను. విల్లివాక్కం గారూ, మీ జీతం ఆ పరిమితి దాటితే నెల్లూరు కార్డు కదిలించకండి. మామూలు ఆపరేషన్లకు జీహెచ్, స్టాన్లీ, కీళ్పాక్ వంటి పెద్ద సర్కారు ఆసుపత్రులు ఉండనే ఉన్నాయి. కాప్పీటు లేకపోయినా అక్కడ చేర్చుకుంటారు.

పెరంబూరు పెద్దాయన:
నాకు 73. ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం కార్డు ఇస్తోందని విన్నాను.

కాప్పీటు కౌంటర్:
ఆయుష్మాన్ వయ వందన కార్డు, పెద్దాయన గారూ. 2024 అక్టోబరు 29న ప్రారంభించారు. 70 నిండినవాళ్ళకు ఆదాయం చూడకుండా ఏటా 5 లక్షలు. భార్యాభర్తలిద్దరికీ 70 నిండితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. వయసు ఆధార్‌లో ఉన్న పుట్టిన తేదీ ప్రకారమే లెక్క, అది తప్పుంటే ముందు ఆధార్ దిద్దించుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం), మాజీ సైనికుల పథకం ఉన్నవాళ్ళు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ప్రతి ఆసుపత్రీ తీసుకోదు. మీరు మామూలుగా చూపించుకునే చోట బీమా డెస్కులో ముందే అడిగి పెట్టుకోండి.

రాయపేట అర్బన్ నర్సు:
చెల్లెలి సంగతి ఎవరూ చెప్పలేదు. పుట్టిన సర్టిఫికెట్‌కు అడిగే ఆ నంబరు పిక్మీ (సర్కారు గర్భిణుల నమోదు) ద్వారా వచ్చే ఆర్‌సీహెచ్ ఐడీ, 12 అంకెలు. తమిళనాడులో పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలంటే ఈ నంబరు అడుగుతారు, 2017 నుంచీ ఇదే పద్ధతి. కాన్పు ప్రైవేటులో చేయించుకున్నా అంతే. చాలామంది ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటూ, ఈ నంబరు సర్కారు కాన్పులకే అనుకుని వదిలేస్తారు. కాన్పయ్యాక డిశ్చార్జి రోజున కౌంటర్లో అడిగితే అప్పుడు పరుగులు.

మీ వార్డు యూపీహెచ్‌సీలో నర్సమ్మ దగ్గర నమోదు చేయించవచ్చు, 102కి ఫోన్ చేసి కూడా మొదలుపెట్టవచ్చు. భార్యాభర్తల ఆధార్, చివరి నెలసరి మొదటి రోజు తేదీ, స్కానింగ్ రిపోర్టు, బ్యాంకు పాసుబుక్కు, ఫోన్ నంబరు తీసుకెళ్ళాలి. ఆంధ్రాలో అంగన్‌వాడీ దగ్గరో ఏఎన్‌ఎం దగ్గరో ఇప్పటికే నమోదైతే ఆ నంబరు చూపించండి. దాచిపెట్టి రెండోది తీయించుకుంటే ఒకే కాన్పుకు రెండు రికార్డులవుతాయి, డబ్బు సాయం ఆగిపోతుంది.

నాలుగో నెల అంటున్నారు కాబట్టి ఒక మాట. ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సాయం మొత్తం 18,000 విలువ. అందులో 14,000 నగదు, మిగతాది పోషకాహార కిట్లు. పేద కుటుంబాలకు, మొదటి రెండు కాన్పులకు, తల్లికి 19 నిండి ఉండాలి, అదీ 12 వారాల లోపు నమోదైతేనే. మీరు ఆ గడువు దాటారు. ఆంధ్రాలో ముందే నమోదై ఉంటేనే ఏదైనా ఆశ, అందుకే పాత నంబరు వెతకమంటున్నాను. సాయం రాకపోయినా పిక్మీ నమోదు మాత్రం ఇప్పుడే చేయించండి.

పుట్టిన 21 రోజుల లోపు రిజిస్ట్రేషన్ ఉచితం, ఆసుపత్రే పంపుతుంది. బిడ్డ పేరు తర్వాత చేర్చవచ్చు, ఏడాది లోపు రుసుము లేదు. కార్పొరేషన్ వెబ్‌సైట్ నుంచి సర్టిఫికెట్ ఉచితంగా దించుకోవచ్చు. అయితే తల్లి పేరు, ఇంటిపేరు ఇనిషియల్‌గా పడిందో పూర్తిగా పడిందో ఆసుపత్రి ఫారం నింపేటప్పుడే చూసుకోండి. రేపు పాస్‌పోర్టు దగ్గర అదే ఇబ్బంది. టీకాలు బుధవారం. మొదటి మూడు పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకు.

ఓఎంఆర్ పాలసీదారు:
నాది కంపెనీ బీమా, అమ్మానాన్న కూడా అందులో ఉన్నారు. ప్రైవేటు ఆసుపత్రిలో డిశ్చార్జికి రోజంతా కూర్చోబెడుతున్నారు. కొత్త రూల్ ఏదో వచ్చిందన్నారు?

బిల్లింగ్ డెస్క్:
2024 మే 29న బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్ మొదటి అనుమతి గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. మూడు గంటలు దాటినందుకు ఆసుపత్రి ఏదైనా అదనంగా వేస్తే అది బీమా కంపెనీ భరించాలి. కానీ గడియారం మొదలయ్యేది ఆసుపత్రి పంపిన విన్నపం కంపెనీకి చేరినప్పుడు, డాక్టరు "ఇక ఇంటికి వెళ్ళొచ్చు" అన్నప్పుడు కాదు. ఫార్మసీ రిటర్నులు, ల్యాబు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ సంతకం ఇవన్నీ లోపలే ఆలస్యమవుతాయి. ముందు రోజు సాయంత్రమే వార్డు నర్సుతో వాడని మందులు వెనక్కి పంపించేయమనండి, సమ్మరీ టైపుకు ఇవ్వమనండి. సగం ఆలస్యం అక్కడే తీరుతుంది.

గది ఎంచుకునేటప్పుడు పాలసీలో గది అద్దె పరిమితి చూడండి. 3 లక్షల పాలసీలో 1 శాతం అంటే రోజుకు 3,000. మీరు 6,000 గది తీసుకుంటే తేడా 3,000తో పోదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వంటివన్నీ సగానికి కోస్తారు. అవి 80,000 అయితే 40,000 మీ జేబు లోంచే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు, వేస్తే నిలదీయండి.

నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడగవచ్చు, 2024 జనవరి 25 నుంచి. ముందే అనుకున్న చికిత్స అయితే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు.

కేసు షీటు కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇది 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన, చాలామంది అడగరు. సమ్మరీ ఒక్కటే తెచ్చుకుని తర్వాత రెండో అభిప్రాయానికి వెళ్ళినప్పుడు ఇబ్బంది పడతారు.

సూళ్ళూరుపేట – సెంట్రల్ ప్యాసింజర్:
ఒక సందేహం. ఊరి నుంచి బండి మీద వచ్చేవాళ్ళకు జీఎన్‌టీ రోడ్డులో ప్రమాదం జరిగితే? ఆంధ్రా అడ్రసు అంటే ప్రైవేటులో అడ్వాన్సు అడుగుతారని భయం.

సిస్టర్ కీళ్పాక్:
తమిళనాడు ఎల్లలోపల జరిగితే చాలు, ఏ రాష్ట్రం వాళ్ళైనా సరే. ఇన్నుయిర్ కాప్పోం పథకంలో మొదటి 48 గంటల చికిత్స ఉచితం, జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా. 2021 డిసెంబరులో మొదలైనప్పుడు లక్ష దాకా ఇచ్చారు. కేంద్రం కూడా 2025 మేలో ఏడు రోజులు, లక్షన్నర దాకా క్యాష్‌లెస్ పథకం నోటిఫై చేసింది. 108కే ఫోన్ చేయండి, ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో వాళ్ళకు తెలుసు. ఆటోలో దగ్గర్లోని నర్సింగ్ హోంకు తీసుకెళ్తే అక్కడి నుంచి మళ్ళీ మార్చాల్సి వస్తుంది. తొలి గంట అలా పోకూడదు.

పెద్ద ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం వరస ప్రకారం చూడదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని తీవ్రత బట్టి విడగొడతారు. ఆకుపచ్చ పడ్డవాళ్ళు ఎదురుచూడాలి. ముందొచ్చామని గొడవపడితే లాభం లేదు, కానీ కూర్చున్నాక వాంతి, మగత, ఆయాసం మొదలైతే వెంటనే నర్సుకు చెప్పండి, రంగు మారుస్తారు. ప్రమాదం కేసుల్లో ఏఆర్ (ఆసుపత్రి ప్రమాద రిజిస్టరు) కాపీ తీసుకోవడం మరచిపోవద్దు. తర్వాత నష్టపరిహారం కేసుకు అదే మొదటి కాగితం.

తోడు వచ్చేవాళ్ళ సంగతి కూడా రాస్తున్నాను. 2024 నవంబరులో గిండీలో డాక్టరు మీద కత్తి దాడి జరిగాక పెద్ద ఆసుపత్రుల్లో కాపలా గట్టిపడింది. తోడుగా ఉండేవాళ్ళకు చేతి పట్టీలు కడుతున్నారు. పట్టీ ఉన్నవాళ్ళే లోపలికి. ఇద్దరు ముగ్గురు వంతులు మార్చుకోవాలంటే గేటు దగ్గరే మాట్లాడుకోండి, వార్డు సిస్టర్ దాన్ని మార్చలేరు.

మందుల బీరువా:
ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 14 అంకెలు, ఆధార్‌తో ఫోన్‌లోనే తీసుకోవచ్చు. క్యూఆర్ స్కాన్ పెట్టిన ఆసుపత్రుల్లో ఓపీ వరసలో నిలబడకుండా టోకెన్ వస్తుంది. తప్పనిసరి కాదు, లేదని చికిత్స ఆపకూడదు.

స్టాకు అయిపోయిన నెలలో బయట కొనాల్సి వస్తే ముదల్వర్ మరుందగం (ముఖ్యమంత్రి మందుల షాపులు, 2025 ఫిబ్రవరి 24న వెయ్యి దుకాణాలతో మొదలయ్యాయి), లేదా జన ఔషధి చూడండి. చీటీ మీద ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు చదివి అవే అడగండి.

విల్లివాక్కం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. జీతం పరిమితి దాటుతుంది కాబట్టి నెల్లూరు కార్డు కదిలించం. చెల్లెలి పాత నంబరు కోసం ఊళ్ళో అంగన్‌వాడీకి ఫోన్ చేశాం, రేపు చెప్తామన్నారు. ఆఖరి ప్రశ్న, సోమవారం పొద్దున అమ్మను తీసుకెళ్తున్నాను. మాత్రలు వేసుకుని రావాలా, ఖాళీ కడుపుతోనా?

సిస్టర్ కీళ్పాక్:
8 గంటలు ఏమీ తినకుండా, నీళ్ళు తాగవచ్చు. బీపీ మాత్ర రోజూలాగే నీళ్ళతో వేసుకోనివ్వండి, లేకపోతే ఆ రోజు బీపీ ఎక్కువ చూపించి మోతాదు అనవసరంగా పెంచుతారు. షుగరు మాత్ర మాత్రం మొదటి రక్తం తీసేదాకా వద్దు, ఖాళీ కడుపున వేస్తే వరసలోనే కళ్ళు తిరుగుతాయి. రక్తం ఇచ్చాక, తెచ్చుకున్న టిఫిను తిని మాత్ర వేసుకుని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టి రెండోసారి ఇవ్వాలి. బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. అరగంట ముందు నుంచి కాఫీ వద్దు, పట్టీ చీర చెంగు మీద కాకుండా చేతికే కట్టమనండి.

మందుల బీరువా:
పాత చీటీలతో పాటు ఇంట్లో ఉన్న మాత్రల పొట్లాలన్నీ, పెన్నుతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. డాక్టరు ముందు అన్నీ బల్ల మీద పెట్టి, ఏది ఆపాలి, ఏది ఉంచాలి అని ఒక్కొక్కటే అడగండి. ఆపమన్న పొట్లాల మీద అక్కడే ఇంటూ మార్కు వేయించుకుని రండి.